ఫ్లాష్ చిప్‌ల ఇంటిపేర్లు: భిన్న తయారీదారుల మెమరీకి ఆపరేటింగ్ సిస్టమ్‌లో చోటు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఒకే పని చేసే ఫ్లాష్ మెమరీ చిప్‌లను అనేక సంస్థలు తయారుచేస్తున్నాయి. వాటి ఆదేశభాష, గుర్తింపు సంఖ్య, లోపలి అమరిక సంస్థను బట్టి మారుతూ ఉంటాయి. ఈ భేదాలను ఆపరేటింగ్ సిస్టమ్, దానికి ముందుగా నడిచే బూట్‌లోడర్ ఎలా ఇముడ్చుకున్నాయో 1988 నుంచి 2022 వరకు గల పరిణామక్రమంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. లైనక్స్, యు-బూట్ మూలసంకేతాల్లోని శీర్షభాగాలను ప్రాథమిక ఆధారాలుగా గ్రహించి, వాటిలో తెలుగు పేర్లతో నమోదైన కృషిని గుర్తిస్తుంది.

కీలకపదాలు: ఫ్లాష్ మెమరీ, తయారీదారు గుర్తింపు సంఖ్య, లైనక్స్, యు-బూట్, ప్రమాణీకరణ, మోటుపల్లి.

ఉపోద్ఘాతం

వాడరేవు చీరాలకు దగ్గరి మత్స్యకార గ్రామం. ఒకప్పుడు గుంటూరు జిల్లాలోను, 1970 నుంచి ప్రకాశం జిల్లాలోను ఉండి, 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరింది. ఇటువంటి తీరగ్రామాల నుంచి వేటకు బయలుదేరే పడవల్లోకి గత రెండు దశాబ్దాల్లో వలలు, తెడ్లతో పాటు కొత్త సామగ్రి వచ్చి చేరింది. స్థాననిర్దేశం చేసే జీపీఎస్ పరికరం, లోతు కొలిచే సౌండర్, వైర్‌లెస్ సెట్టు, అన్నింటికీ మించి మొబైల్ ఫోను. 1999లో హైదరాబాదులో నెలకొన్న భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం చేపలు దొరికే ప్రాంతాల సూచనలను తీరగ్రామాలకు పంపుతోంది. ఫోను సంకేతం అందని దూరంలో కూడా హెచ్చరికలు చేరడానికి 2019లో ఉపగ్రహ ప్రసారాన్ని అందుకొని బ్లూటూత్ ద్వారా ఫోనుకు అందించే ‘జెమిని’ పరికరం వెలువడింది.

ఈ పరికరాలన్నింటిలోనూ కంటికి ఆనని ఒక భాగం సమానం. మీట నొక్కగానే పరికరానికి తాను ఎవరో, ఏమి చేయాలో గుర్తుచేసే సాఫ్ట్‌వేర్ ఒక ఫ్లాష్ చిప్‌లో ఉంటుంది. విద్యుత్తు పోయినా అందులోని రాత చెదరదు. అయితే ఒకే నమూనా పరికరంలో సైతం ఒక విడతలో ఒక సంస్థ చిప్, మరో విడతలో మరో సంస్థ చిప్ అమర్చడం ఎలక్ట్రానిక్ పరిశ్రమలో సర్వసాధారణం. ధర, లభ్యత దానిని నిర్ణయిస్తాయి. కొనేవారికి ఆ తేడా తెలియదు. తెలియవలసినది సాఫ్ట్‌వేర్‌కే. అది తెలుసుకోలేకపోతే పరికరం లేవదు. తీరానికి ఇరవై మైళ్ళ అవతల లేవని పరికరం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

వాడరేవుకు దక్షిణంగా అదే తీరంలో మోటుపల్లి ఉంది. కాకతీయ గణపతిదేవుడు శక సంవత్సరం 1166లో, అంటే క్రీ.శ. 1244–45 ప్రాంతంలో అక్కడ వేయించిన అభయశాసనం తెలుగు సాహిత్య, చరిత్ర విద్యార్థులకు సుపరిచితమే. తుపానుకు చెదరి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా తీసుకొనేవారనీ, తాను మాత్రం నియతమైన సుంకం తప్ప మరేమీ గ్రహించననీ నానాదేశ వర్తకులకు ఆయన హామీ ఇచ్చాడు. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే రేవులో మరల వర్తకులకు అభయమిచ్చాడు. ఏ దేశపు ఓడ వచ్చినా ఒకే రీతిగా ఆదరించవలసిన రేవుకు, ఏ సంస్థ చిప్ వచ్చినా నడవవలసిన ఆపరేటింగ్ సిస్టమ్‌కు సమస్య ఒకటే. కాని ఈ పోలికకు హద్దు ఉంది. రాజు శాసించగలడు. ఆపరేటింగ్ సిస్టమ్ రాసేవారికి చిప్ తయారీదారులపై ఏ అధికారమూ లేదు. వచ్చిన ఓడ ఎలా ఉంటే అలాగే దానికి చోటివ్వాలి.

చిప్ పుట్టుక, రెండు భాషల పుట్టుక

విద్యుదావేశాన్ని చుట్టూ బంధకంతో మూసిన ఒక ద్వారంలో నిలిపి ఉంచవచ్చునన్న ఊహను 1967లో బెల్ ప్రయోగశాలకు చెందిన డావన్ కాంగ్, సైమన్ జీ ప్రతిపాదించారు. 1971లో ఇంటెల్‌లో డోవ్ ఫ్రోమన్ దాని ఆధారంగా అతినీలలోహిత కాంతితో చెరిపే మెమరీని రూపొందించాడు. తోషిబాలో ఫుజియో మసువోకా 1984లో ప్రకటించిన రూపంలో పెద్ద భాగాన్ని ఒక్కసారిగా విద్యుత్తుతోనే చెరపవచ్చు. కెమెరా ఫ్లాష్ మెరిసినట్లు క్షణంలో చెరిగిపోతుందని సహోద్యోగి షోజీ అరిజుమి దానికి ‘ఫ్లాష్’ అని పేరు సూచించాడు. 1987లో మసువోకా బృందమే ‘నాండ్’ అనే రెండవ రకాన్ని ప్రకటించింది. 1988లో ఇంటెల్ ‘నార్’ రకపు చిప్‌లను మార్కెట్లోకి తెచ్చింది.

ఫ్లాష్ స్వభావంలోనే ఒక మెలిక ఉంది. రాయడమంటే ఒకటిని సున్నాగా మార్చడం. సున్నాను తిరిగి ఒకటిగా మార్చాలంటే ఆ గడి ఒక్కదానినే మార్చలేరు; 64 కిలోబైట్లో 128 కిలోబైట్లో ఉన్న మొత్తం ఖండాన్ని చెరపాలి. పలకపై ఒక అక్షరం తప్పితే పలకంతా తుడిచి మళ్ళీ రాయడం వంటిది ఇది. కనుక చదవడం ఒక్కటే సులభం. చెరపడం, రాయడం అనే పనులకు చిప్‌కు ప్రత్యేకంగా ఆదేశాలివ్వాలి. భేదమంతా ఆ ఆదేశాల్లో మొదలైంది.

ఇంటెల్ పద్ధతిలో ఒక ఖండాన్ని చెరపడానికి ఆ చిరునామాకు 20 అనే ఆదేశాన్ని, ధ్రువీకరణగా డి0 అనే ఆదేశాన్ని పంపితే చాలు. పని ముగిసిందా లేదా అన్నది స్థితి రిజిస్టర్‌ను చదివి తెలుసుకోవాలి. ఏఎండీ పద్ధతి వేరు. పొరపాటు రాతల నుంచి కాపాడడానికి ముందుగా 555 అనే చిరునామాలో ఏఏ, 2ఏఏ అనే చిరునామాలో 55 అనే విలువలు రాసి తాళం తీయాలి. ఆ తరువాతే అసలు ఆదేశం. పని పూర్తయ్యేదాకా ఒక బిట్ అటూ ఇటూ మారుతూ ఉంటుంది. ఆ మార్పు ఆగినప్పుడు పని అయినట్లు. ఇంటెల్ వెంట షార్ప్, ఏఎండీ వెంట ఫుజిత్సు నడిచాయి. ఇతర తయారీదారులు ఈ రెండు మార్గాల్లో ఒకదానిని స్వీకరించారు, లేదా కొద్దిగా మార్చుకున్నారు. చదివేటప్పుడు రెండింటికీ తేడా కనబడదు. రాయబోయినప్పుడే ఒక చిప్‌కు మరో చిప్ భాష అర్థం కాదని తేలుతుంది.

ఇంటిపేర్ల పట్టిక

ఎదుట ఉన్న చిప్ ఏ భాష మాట్లాడుతుందో తెలియాలంటే ముందు అది ఎవరిదో తెలియాలి. ఇందుకు అర్ధవాహక పరిశ్రమ ప్రమాణాల సంస్థ జెడెక్ ‘జెప్ 106’ అనే పట్టికను నిర్వహిస్తోంది. ప్రతి తయారీదారుకు అందులో ఒక సంఖ్య ఉంటుంది. షోడశాంశ పద్ధతిలో ఇంటెల్ 89, ఏఎండీ 01, ఫుజిత్సు 04, తోషిబా 98, ఎస్‌టీ మైక్రో ఎలక్ట్రానిక్స్ 20, మైక్రాన్ 2సి, శాంసంగ్ సిఇ. ‘నీవెవరు’ అన్న ఆదేశం అందుకున్న చిప్ ముందుగా ఈ సంఖ్యను, తరువాత తన రకాన్ని తెలిపే సంఖ్యను చెబుతుంది. ఇంటిపేరు, ఆ తరువాత పేరు చెప్పే తెలుగు పద్ధతే ఇక్కడా ఉంది.

ఈ పట్టిక నిర్మాణంలో ఒక దూరదృష్టి, ఒక హ్రస్వదృష్టి కలిసి ఉన్నాయి. సంఖ్యలోని ఎనిమిది బిట్లలో ఒకటి సరిచూపుకు పోతుంది. ప్రతి సంకేతంలోనూ ఒకట్ల సంఖ్య బేసిగా ఉండాలన్నది నియమం. మిగిలిన ఏడు బిట్లలో మొదటిది, చివరిది వదిలేస్తే 126 సంస్థలకు మాత్రమే ఒక పుటలో చోటు దొరుకుతుంది. సంస్థలు పెరిగాక రెండవ పుట, మూడవ పుట తెరవవలసి వచ్చింది. తరువాతి పుటలోని సంస్థకు చెందిన చిప్ తన సంఖ్యకు ముందు 7ఎఫ్ అనే కొనసాగింపు సంకేతాన్ని పుటకొక్కటి చొప్పున చెప్పాలి.

నియమం ఇది. ఆచరణ వేరు. ఇయాన్ అనే సంస్థ సంఖ్య 1సి. అది మొదటి పుటలోనిది కాదు. కాని ఆ సంస్థ చిప్‌లు కొన్ని 7ఎఫ్‌ను చెప్పకుండా నేరుగా 1సి అని జవాబిస్తాయి. మొదటి పుటలో 1సి మిత్సుబిషిది. అందువల్ల చిప్‌లను చదవడానికి, రాయడానికి వాడే ‘ఫ్లాష్‌రామ్’ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తన మూలసంకేతంలో ఇయాన్‌కు రెండు నమోదులు ఉంచుకోవలసి వచ్చింది: కొనసాగింపు సంకేతంతో ఒకటి, అది లోపించినందుకు మరొకటి. ప్రమాణపత్రం చదివినవారికి ఈ రెండవ నమోదు తప్పుగా కనిపిస్తుంది. వాస్తవాన్ని చదివినది ఆ రెండవ నమోదే.

సంస్థల విలీనాలు ఈ పట్టికకు వంశచరిత్ర లక్షణాన్ని తెచ్చాయి. ఏఎండీ, ఫుజిత్సు 1993లో ఉమ్మడిగా స్థాపించిన ఫ్లాష్ సంస్థ తరువాత స్పాన్షన్ అయింది. స్పాన్షన్ 2015లో సైప్రెస్‌లో విలీనమైంది. సైప్రెస్‌ను 2020లో ఇన్‌ఫినియాన్ కొన్నది. అయినా స్పాన్షన్ పేరిట వెలువడిన ఎస్25ఎఫ్ఎల్ శ్రేణి చిప్‌లు ‘నీవెవరు’ అంటే 01 అనే చెబుతాయి. అది ఏఎండీ ఇంటిపేరు. ఇంటెల్, ఎస్‌టీ సంస్థల ఫ్లాష్ విభాగాలు 2008లో న్యూమోనిక్స్‌గా కలిశాయి. దానిని 2010లో మైక్రాన్ కొన్నది. నేటికీ ఎన్25క్యూ శ్రేణి మైక్రాన్ చిప్ తన సంఖ్య 2సి అని కాక 20 అని, అంటే ఎస్‌టీ అని చెబుతుంది. దత్తత పోయినా పుట్టింటి పేరు విడవని ఈ స్థితికి కారణం సెంటిమెంటు కాదు. సంఖ్య మారిస్తే అప్పటికే లోకమంతా పరుచుకున్న సాఫ్ట్‌వేర్ ఆ చిప్‌ను గుర్తుపట్టదు. పాత సాఫ్ట్‌వేర్‌ను మార్చడం కంటే పాత పేరు మోయడమే చౌక.

అడిగితే చెప్పే చిప్‌లు

గుంటూరు మిర్చి యార్డులో అనుభవజ్ఞుడైన కొనుగోలుదారు కాయ రంగు, ముడత చూసి ఇది తేజ, ఇది 334 అని చెప్పగలడు. ఆ జ్ఞానం అతని తలలో ఉంటుంది. కొత్త రకం వచ్చినప్పుడు మళ్ళీ నేర్చుకోవాలి. పట్టికపై ఆధారపడిన సాఫ్ట్‌వేర్ స్థితి కూడా అదే. దానికి ప్రత్యామ్నాయం, బస్తాపైనే సరుకు వివరం రాసి పంపడం. 1990ల ద్వితీయార్ధంలో ఇంటెల్, ఏఎండీ, షార్ప్, ఫుజిత్సు కలిసి ఆ పని చేశాయి. ‘కామన్ ఫ్లాష్ ఇంటర్‌ఫేస్’ అనే ఆ ఏర్పాటు ప్రకారం 55 అనే చిరునామాకు 98 అనే ఆదేశాన్ని పంపితే చిప్ ‘క్యూ, ఆర్, వై’ అనే మూడక్షరాలతో జవాబు మొదలుపెట్టి, తాను మాట్లాడే ఆదేశభాష ఏది, పరిమాణం ఎంత, చెరిపే ఖండాలు ఎన్ని అన్నవి వరుసగా చెబుతుంది. ప్రత్యర్థి సంస్థలు ఒక్క భాషకు ఒప్పుకోలేదు. తాము ఏ భాష మాట్లాడతామో చెప్పడానికి మాత్రమే ఒప్పుకున్నాయి. ఇంటెల్–షార్ప్ భాషకు 1, ఏఎండీ–ఫుజిత్సు భాషకు 2 అని సంఖ్యలు ఇచ్చుకున్నాయి.

డేవిడ్ వుడ్‌హౌస్ నాయకత్వంలో రూపొంది 2001 జనవరిలో వెలువడిన లైనక్స్ 2.4లో చోటుచేసుకున్న ‘మెమరీ టెక్నాలజీ డివైస్’ ఉపవ్యవస్థ ఈ చరిత్రను తన ఫైళ్ళ పేర్లలోనే దాచుకుంది. ఆదేశభాష 1కి ఒక ఫైలు, ఆదేశభాష 2కి మరొకటి, ఎస్‌టీ వారి ప్రత్యేక భాషకు మూడవది. చెప్పలేని పాత చిప్‌ల కోసం జెడెక్ సంఖ్యల పట్టికతో వేరొక ఫైలు. రెండవ భాష ఫైలులో ‘దిద్దుబాట్లు’ అనే భాగం గమనించదగినది. చిన్న బూట్ ఖండాలు చిప్‌లో మొదట ఉన్నాయా చివర ఉన్నాయా అన్నది ఏఎండీ వారి తొలి వివరణపత్రం చెప్పదు. కనుక లైనక్స్ చిప్ సంఖ్యలోని ఒక బిట్‌ను చూసి ఊహించుకుంటుంది. చీటీ ఉన్నా, చీటీ చెప్పనిదానికి మళ్ళీ కాయను చూడవలసే వచ్చింది.

కొద్ది తీగలతో పనిచేసే సీరియల్ ఫ్లాష్ చిప్‌లు చిన్న పరికరాల్లో వ్యాపించిన తరువాత కథ పునరావృతమైంది. 9ఎఫ్ అనే ఆదేశానికి చిప్ మూడు బైట్లతో జవాబిస్తుంది: ఇంటిపేరు, రకం, పరిమాణం. లైనక్స్‌లో దీనికి ఆధారమైన తొలి ఫైలు పేరు ‘ఎం25పి80’. అది ఎస్‌టీ వారి ఒక చిప్ పేరు. 2005 నాటి శీర్షం మైక్ లావెండర్ పేరిట ఉంది. ఒక్క చిప్ పేరు పెట్టుకున్న ఆ ఫైలు క్రమంగా అన్ని సంస్థల చిప్‌లకు ధర్మసత్రమైంది. పట్టికలో ఒక్కో చిప్‌కు ఒక్కో పంక్తి. 2011లో జెడెక్ ఈ చిప్‌లకు కూడా స్వీయవివరణ పట్టికను ప్రమాణీకరించింది. 2017లో లైనక్స్ దానిని చదవడం నేర్చుకుంది.

భేదం ఎక్కడ ప్రాణాంతకం

ఇన్ని సంస్థల చిప్‌లు ఒకే మూడు బైట్ల ప్రశ్నకు జవాబిస్తున్నప్పుడు భేదాలు స్వల్పమని అనిపించవచ్చు. రెండు ఉదాహరణలు ఆ భ్రమను తొలగిస్తాయి.

మొదటిది నాలుగు తీగలపై ఒకేసారి చదివే వేగపు పద్ధతి. దీనిని అనుమతించే బిట్ మ్యాక్రోనిక్స్ చిప్‌లలో స్థితి రిజిస్టర్‌లోని ఆరవ స్థానంలో ఉంటుంది. విన్‌బాండ్, స్పాన్షన్ చిప్‌లలో రెండవ రిజిస్టర్‌లోని ఒకటవ స్థానంలో ఉంటుంది. మైక్రాన్‌కు ఆ బిట్ అవసరమే లేదు. ఒకదానికి చేయవలసినది మరొకదానికి చేస్తే వేరే అమరిక మారిపోవచ్చు.

రెండవది చిరునామా. సీరియల్ చిప్‌ల మూల ఆదేశాల్లో చిరునామాకు మూడు బైట్లే కేటాయించారు. 24 బిట్లతో చేరుకోగలిగినది 16 మెగాబైట్లు. అంతకంటే పెద్ద చిప్‌లు వచ్చాక ఒక్కో సంస్థ ఒక్కో దారి తొక్కింది. మ్యాక్రోనిక్స్ బి7 అనే ఆదేశంతో చిప్‌ను నాలుగు బైట్ల స్థితికి మారుస్తుంది. మైక్రాన్ అదే ఆదేశాన్ని వాడినా ముందుగా రాతకు అనుమతి కోరుతుంది. స్పాన్షన్ పాత చిప్‌లు 17 అనే ఆదేశంతో ఒక బ్యాంకు రిజిస్టర్‌ను మారుస్తాయి. ఆపరేటింగ్ సిస్టమ్ చిప్‌ను నాలుగు బైట్ల స్థితికి మార్చిన తరువాత విద్యుత్తు పోకుండానే పరికరం హఠాత్తుగా తిరిగి మొదలైందనుకుందాం. ప్రాసెసర్‌లోని శాశ్వత సంకేతం పాత అలవాటు ప్రకారం మూడు బైట్ల చిరునామా పంపుతుంది. చిప్ నాలుగవ బైటు కోసం ఎదురుచూస్తుంది. ఇద్దరూ ఒకరి మాట ఒకరికి అందక నిలిచిపోతారు. మీట నొక్కి విద్యుత్తు తీసి మళ్ళీ ఇస్తే తప్ప పరికరం లేవదు. చిప్‌కు పునఃప్రారంభ తీగ లేని బోర్డుల విషయంలో లైనక్స్ ఈ ప్రమాదాన్ని స్పష్టంగా హెచ్చరిస్తుంది. మనిషి చేయి అందని చోట, స్తంభంపైనో తేలుబోయలోనో ఉన్న పరికరానికి ఇది మరణంతో సమానం.

దీనికి విరుగుడుగా నాలుగు బైట్ల చిరునామాతోనే పుట్టిన కొత్త ఆదేశాలు వచ్చాయి. చిప్ స్థితి మార్చనక్కరలేదు. కాని ఏ చిప్‌కు ఆ ఆదేశాలు తెలుసు? మ్యాక్రోనిక్స్ వారి ఎంఎక్స్25ఎల్25635 చిప్‌లో ‘ఇ’ కూర్పుకు తెలియవు, ‘ఎఫ్’ కూర్పుకు తెలుసు. రెండూ చెప్పే గుర్తింపు సంఖ్య మాత్రం ఒకటే. లైనక్స్ ఇక్కడ స్వీయవివరణ పట్టికలో మరో విషయానికి సంబంధించిన ఒక బిట్‌ను చూసి రెండింటినీ వేరుచేస్తుంది. కవలల్లో పెద్దవాడెవరో పుట్టుమచ్చ చూసి చెప్పడం వంటిది ఈ పని. ఇటువంటి పంక్తి ఒకటి రాయడానికి రెండు చిప్‌లనూ చేతిలో పెట్టుకొని, రెండు వివరణపత్రాలనూ పక్కపక్కన చదివినవారు ఉండాలి. తెరపై అది నాలుగు వాక్యాలే.

యు-బూట్: విడి ఫైళ్ళ నుంచి ఒక పట్టికకు

ఆపరేటింగ్ సిస్టమ్ మెమరీలోకి రావడానికి ముందే ఎవరో దానిని ఫ్లాష్ నుంచి ఎత్తి తేవాలి. చిన్న పరికరాల్లో ఆ పని ఎక్కువగా యు-బూట్ చేస్తుంది. ఇందులో సీరియల్ ఫ్లాష్‌కు సంబంధించిన తొలి శీర్షం 2008 నాటి అట్మెల్ సంస్థది. తరువాతి సంవత్సరాల్లో ఎస్‌టీ, మ్యాక్రోనిక్స్, స్పాన్షన్, ఎస్ఎస్‌టీ, విన్‌బాండ్, ఇయాన్ – ఒక్కో తయారీదారుకు ఒక్కో ఫైలు చేరింది. ప్రతి ఫైలులోను దాదాపు అదే పని, కొద్ది మార్పులతో, తిరిగి రాసి ఉండేది. ఒకచోట దొరికిన తప్పును మిగిలిన చోట్ల కూడా దిద్దారా అన్నది ఎవరి శ్రద్ధపైనో ఆధారపడేది.

2013లో ఈ విడి ఫైళ్ళు పోయి, చిప్‌ను గుర్తించే ఫైలు ఒకటి, పనిచేయించే ఫైలు ఒకటి, చిప్‌ల పట్టిక ఒకటి ఏర్పడ్డాయి. ఆ ఫైళ్ళ శీర్షంలో జగన్నాథ సూత్రధారుడు టేకి అనే పేరు, జైలింక్స్ సంస్థ పేరు ఉన్నాయి. అప్పట్లో ఆయనే యు-బూట్ సీరియల్ ఫ్లాష్ విభాగానికి నిర్వాహకుడు కూడా. ఆంగ్లలిపిలో ఉన్న మూలసంకేతం మధ్య ‘సూత్రధారుడు’ అన్న డుమంతం తెలుగు చదువరిని ఆపక మానదు. నాటకంలో తెర తీయకముందు రంగానికి వచ్చేవాడి పేరు, ఆపరేటింగ్ సిస్టమ్ రాకముందు నడిచే ప్రోగ్రాముపై ఉండడం యాదృచ్ఛికమే.

ఆ కూర్పులో రెండు నిర్ణయాలు విశేషమైనవి. చిప్‌ల వివరాలన్నీ ఒకే పట్టికలోకి వచ్చినా, ఒక్కో తయారీదారు పంక్తులను విడిగా చేర్చుకొనే, మానుకొనే వీలు ఉంచారు. బోర్డు తయారుచేసేవారు తమకు కావలసిన సంస్థలనే ఎంచుకొని ప్రోగ్రాము పరిమాణాన్ని తగ్గించుకోవచ్చు. పదుల కిలోబైట్లలో ఇమడవలసిన బూట్‌లోడర్‌కు అది విలాసం కాదు. రెండవది 16 మెగాబైట్ల అడ్డంకికి చూపిన దారి. చిప్‌ను నాలుగు బైట్ల స్థితికి మార్చకుండా, పెద్ద చిప్‌ను 16 మెగాబైట్ల బ్యాంకులుగా భావించి, బ్యాంకు రిజిస్టర్ మార్చుకుంటూ చదివే పద్ధతిని చేర్చారు. అక్కడ కూడా సంస్థాభేదం తప్పలేదు: స్పాన్షన్‌కు 17, ఇతరులకు సి5. ఆ భేదం ఒక్క చోట, ఒక్క షరతుగా కనబడేలా రాయడమే ఈ కూర్పు సాధించినది.

2019లో ఆ ఫైళ్ళ స్థానంలో లైనక్స్ నుంచి తెచ్చిన సంకేతం యు-బూట్‌లో చేరింది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌కు చెందిన విఘ్నేశ్ రాఘవేంద్ర ఆ మార్పు చేశాడు. ఆపరేటింగ్ సిస్టమ్, బూట్‌లోడర్ ఒకే చిప్‌ను రెండు విధాలుగా అర్థం చేసుకొనే ఇబ్బంది దీనితో చాలావరకు తగ్గింది.

వింత అంతటితో ఆగలేదు. మరుసటి సంవత్సరమే, 2020లో వెలువడిన లైనక్స్ 5.7లో, బోరిస్ బ్రెజిల్లాన్, ట్యూడర్ అంబారుస్‌ల కృషితో ఒకే ఫైలుగా ఉన్న సీరియల్ ఫ్లాష్ సంకేతం విడిపోయింది. అట్మెల్‌కు ఒక ఫైలు, ఇయాన్‌కు ఒకటి, మ్యాక్రోనిక్స్‌కు ఒకటి, విన్‌బాండ్‌కు ఒకటి; మైక్రాన్, ఎస్‌టీలు విలీనచరిత్రను బట్టి ఒకే ఫైలులో జంటగా ఉన్నాయి. అంటే 2013లో యు-బూట్ ఏ స్థితిని వదిలిందో, 2020లో లైనక్స్ పైకి అదే స్థితికి చేరింది. దీనిని వెనుకడుగుగా భావించడం పొరపాటు. యు-బూట్ పాత ఫైళ్ళలో పని, వివరం రెండూ కలిసిపోయి ఉండేవి. లైనక్స్ కొత్త ఫైళ్ళలో పని అంతా ఉమ్మడి ఫైలులో ఉండి, ఇంటివారీ ఆచారాలు మాత్రమే విడిగా ఉన్నాయి. ఒక పట్టికలో ముందుగా అన్నీ చేర్చి చూస్తేనే ఏది ఉమ్మడి, ఏది ప్రత్యేకం అన్నది తేలుతుంది. ఆ చేర్పు జరగకుండా ఈ విభజన సాధ్యమయ్యేది కాదు. వేర్వేరు తాళపత్ర ప్రతులను కలిపి పాఠాన్ని నిర్ణయించి, ఆ తరువాత పాఠాంతరాలను అడుగున విడిగా చూపే పరిష్కర్తల పద్ధతి తెలిసినవారికి ఇది కొత్త కాదు.

దాచిన భేదం: నాండ్ నుంచి ఈఎంఎంసీ దాకా

నాండ్ చిప్‌లలో భేదం ఇంకా ఎక్కువ. కర్మాగారం నుంచే కొన్ని ఖండాలు చెడిపోయి వస్తాయి. ఆ చెడ్డ గుర్తును ఏ బైటులో, ఏ పుటలో వేస్తారన్నది కూడా చిప్‌ను బట్టి మారుతుంది. 2006లో హైనిక్స్, ఇంటెల్, మైక్రాన్, ఫైసాన్, సోనీ, ఎస్‌టీ సంస్థలు ‘ఓన్ఫీ’ అనే కూటమిగా ఏర్పడి స్వీయవివరణ పుటను ప్రమాణీకరించాయి. అప్పటి ప్రధాన నాండ్ ఉత్పత్తిదారులైన శాంసంగ్, తోషిబా అందులో చేరలేదు. పెద్దలిద్దరూ లేని పంచాయతీ తీర్పు ఎంతవరకు చెల్లుతుందో అంతవరకే అది చెల్లింది. లైనక్స్ వారి చిప్‌ల కోసం గుర్తింపు బైట్లను విప్పి ఊహించే సంకేతాన్ని విడిగా మోస్తూనే ఉంది.

ఫోన్ల పరిశ్రమ ఈ చిక్కును వేరే దారిలో దాటింది. నాండ్ చిప్‌తో పాటు ఒక చిన్న నియంత్రకాన్ని కూడా ఒకే పొట్లంలో పెట్టి, చెడ్డ ఖండాలు, దోషసవరణ అన్నీ దానికి అప్పగించింది. ఈఎంఎంసీ అనే ఈ రూపంలో ఆపరేటింగ్ సిస్టమ్‌కు కనబడేది వరుస గడులు మాత్రమే. 2011 అక్టోబరులో ఆవిష్కృతమై, తొలి విడత హైదరాబాదులో కూర్చిన ఆకాశ్ ట్యాబ్లెట్‌లో 2 జీబీ ఫ్లాష్ నిల్వ ఉండేది. ఆ తరువాతి దశాబ్దంలో ఊరూరా చేరిన చౌక ఫోన్లలో నిల్వకు ఈఎంఎంసీ సామాన్య రూపమైంది. ఆ ధరల్లో ఫోన్లు రావడానికి, ఏ సంస్థ చిప్ చౌకగా దొరికితే దానిని సాఫ్ట్‌వేర్ మార్చకుండా వాడుకొనే వీలు ఒక ముఖ్య కారణం.

అయితే భేదం పోలేదు, లోపలికి వెళ్ళింది. నియంత్రకంలోని సంకేతం తయారీదారు రహస్యం. అందులో దోషం ఉంటే ఆపరేటింగ్ సిస్టమ్ దానిని సరిచేయలేదు, తప్పించుకోగలదు. లైనక్స్‌లో ఫలానా తయారీదారు, ఫలానా నమూనా అయితే ఫలానా చెరిపే ఆదేశాన్ని వాడవద్దు అన్న పట్టిక ఇందుకే పుట్టింది. ఇక్కడ ఇంటిపేర్లు కూడా వేరే పట్టికవి: జెప్ 106లో సిఇ అయిన శాంసంగ్, ఈఎంఎంసీ లోకంలో 15. రైల్వే రికార్డులో ఒక పేరు, పంచాయతీ రికార్డులో మరో పేరు ఉన్న మనిషిలాగా. పాత పద్ధతిలో తప్పు ఎక్కడుందో చదివి తెలుసుకొనే అవకాశం బయటివారికి ఉండేది. సౌకర్యం పెరిగిన చోట ఆ అవకాశం తగ్గింది. ఫోను బాగుచేసే దుకాణంలో నిల్వ చిప్ చెడిందంటే నేడు మార్చడమే తప్ప కారణం వెదికే వీలు దాదాపు లేదు. ఈ నష్టం లెక్కలోకి రావలసినంతగా రాలేదు.

మూలసంకేతం – శాసనపాఠం

ఈ చరిత్రకు ఆధారాలు ఎక్కువగా పుస్తకాల్లో కాక ఫైళ్ళ శీర్షాల్లో, మార్పుల చిట్టాల్లో ఉన్నాయి. 2020లో లైనక్స్‌లో చేరిన అరసాన్ నాండ్ నియంత్రకపు ఫైలు ఇందుకు మంచి ఉదాహరణ. కర్తగా మికెల్ రేనల్ పేరు ఉంది. దాని కింద, పూర్తిగా తిరగరాసిన మూలకృతి వీరిదని చెబుతూ పున్నయ్య చౌదరి కల్లూరి, నాగ సురేష్‌కుమార్ రెల్లి అనే రెండు పేర్లు, జైలింక్స్ చిరునామాలతో ఉన్నాయి. జైలింక్స్‌కు హైదరాబాదులో అభివృద్ధి కేంద్రం ఉండేది. 2022లో ఆ సంస్థ ఏఎండీలో భాగమైంది. తిరగరాసిన తరువాత ఆ ఇద్దరి వాక్యాలు ఎన్ని మిగిలాయన్నది వేరే ప్రశ్న. తిరగరాయడానికి ఆధారంగా నిలిచిన కృతి ఒకటి ఉండినదని శీర్షం సాక్ష్యమిస్తున్నది. జీర్ణోద్ధరణ శాసనంలో తొలి దాత పేరు చెప్పే మర్యాద ఇది.

టేకి రూపొందించిన యు-బూట్ ఫైళ్ళలో చిప్‌ను పనిచేయించే ఫైలు, పట్టిక నేటి కూర్పులో ఆ రూపంలో లేవు. మార్పుల చిట్టాలో 2013 నాటికి వెళితేనే కనబడతాయి. తెలుగు ప్రాంతపు సాంకేతిక శ్రమ గురించి వెలువడుతున్న రచనలు సంస్థల స్థాపన, వలస, జీతభత్యాలను పట్టించుకున్నంతగా ఈ పత్రాలను పట్టించుకోలేదు. శాసనాలు చదవడానికి లిపిజ్ఞానం అవసరమైనట్లే వీటికీ కొంత ప్రోగ్రామింగ్ పరిచయం అవసరం. ఆ మేరకు తెలుగు, చరిత్ర శాఖలు కంప్యూటర్ శాఖల సహాయం కోరవలసి ఉంటుంది.

2022 చివర వెలువడిన లైనక్స్ 6.1లో మైకేల్ వాల్ చేర్చిన మార్పు ప్రకారం, పట్టికలో పేరు లేని సీరియల్ ఫ్లాష్ చిప్ అయినా తన స్వీయవివరణను సరిగా చెబితే ఆపరేటింగ్ సిస్టమ్ దానిని స్వీకరిస్తుంది. పరిచయం లేని ఓడకు కూడా రేవు తెరిచినట్లయింది. అప్పటికే ఉన్న తయారీదారుల ఫైళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. వివరణలో చెప్పని రక్షణ బిట్ల కోసం, చెప్పినా తప్పుగా చెప్పిన చిప్‌ల కోసం వాటిలో కొత్త పంక్తులు నేటికీ చేరుతున్నాయి.